40 టీబీ కంపెనీ డేటాకి టేప్ బ్యాకప్: ఏ డ్రైవ్, ఎన్ని కార్ట్రిడ్జ్‌లు, ఎక్కడ దెబ్బ తింటారు

మీరు అడిగింది టూకీగా ఇదీ: నాస్‌లో (అందరూ నెట్‌వర్క్ మీంచి వాడే ఫైళ్ల పెట్టె) 40 టీబీ ఉంది. స్కాన్ చేసిన కాగితాలు, క్యాడ్ డ్రాయింగులు, కొన్ని వీడియోలు, రాత్రిపూట తీసే డేటాబేస్ డంపులు. రోజుకి ఇంకో 100 జీబీ చేరుతోంది. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) భయంతో ఆఫ్‌లైన్ కాపీ కావాలి, కొన్ని రికార్డులు పదేళ్లు ఉంచాలి. ఆఫీసు నెట్‌వర్క్ 1 గిగాబిట్. ఈ కాలంలో టేప్ కొనడం సబబేనా, కొంటే ఏది, ఎన్ని, కార్ట్రిడ్జ్ ఎవరి చేతికైనా చిక్కితే ఏంటి గతి?

సబబే. మీ సైజుకి ఒక ఎల్‌టీఓ-9 (ఎల్‌టీఓ అంటే బ్యాకప్ టేపుల ప్రమాణం, 9 దాని తరం) సాస్ డ్రైవ్ (సాస్ అంటే సర్వర్‌కి తగిలించే కనెక్షన్ రకం) ఉన్న 8 స్లాట్ల ఆటోలోడర్ (టేపుల్ని తనే మార్చుకునే పెట్టె), మామూలు కార్ట్రిడ్జ్‌లు 25, పదేళ్ల రికార్డులకి వార్మ్ (ఒక్కసారే రాయగలిగే) కార్ట్రిడ్జ్‌లు 2, క్లీనింగ్ కార్ట్రిడ్జ్‌లు 2 సరిపోతాయి. డ్రైవ్‌లోని ఎన్‌క్రిప్షన్ మొదటి రోజు నుంచే ఆన్ చేయండి. అయితే ఇప్పుడున్న 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీంచి నేరుగా టేప్‌కి రాయకండి. ఆ ఒక్కటి సరిచేయకుండా డ్రైవ్ కొంటే, ఆర్నెల్లలో "టేప్ పనికిమాలినది" అని మీరే ఇక్కడ రాస్తారు.

ఇంకో మాట ముందే చెప్తాను. సరిగా దాచిన టేప్ మీద డేటా చెడిపోవడం అరుదు. పోయేది దాన్ని చదివే దారి: డ్రైవ్ దొరకదు, కీ కనపడదు, ఏ ఫైలు ఏ టేప్ మీదుందో చెప్పే కేటలాగ్ ఉండదు, రాసిన బ్లాక్ సైజుని (ఒక్క విడతలో రాసే ముక్క సైజు) కొత్త సర్వర్ మింగలేదు. కింద రాసిన వాటిలో సగం ఈ దారి గురించే.

25 ఎలా వచ్చింది

నాస్ చూపించే 40 టీబీ 1024 లెక్క. టేప్ కంపెనీలది 1000 లెక్క. కాబట్టి మీ 40 టేప్ మీద 44 టీబీ. ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జ్ అసలు కెపాసిటీ 18 టీబీ. డబ్బా మీద పెద్దగా వేసే 45 టీబీ, డేటా 2.5 రెట్లు కుదించుకుపోతుందనే ఊహతో వేసింది. మీ స్కాన్లు, వీడియోలు ఇప్పటికే కుదించినవి, వాటిమీద డ్రైవ్ కంప్రెషన్‌కి పని దొరకదు. 44ని 18తో భాగిస్తే రెండున్నర, అంటే పూర్తి బ్యాకప్‌కి 3 కార్ట్రిడ్జ్‌లు.

నెలకొక పూర్తి బ్యాకప్, రెండు కాపీలు (ఒకటి ఆఫీసులో, ఒకటి బయట), మూడు నెలలు ఉంచడం: 18. వారానికొక డిఫరెన్షియల్ (ఆఖరి పూర్తి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే): నెలాఖరుకి కూడా 3 టీబీ దాటదు, ఒక్క కార్ట్రిడ్జ్‌లో పడుతుంది, ఐదు వారాలకి 5. చేతిలో అదనంగా 2. రోజువారీ బ్యాకప్ డిస్క్‌కే తీసుకోండి. నిన్న పొరపాటున చెరిపేసిన ఒక్క ఫైలు కోసం టేప్ వెతకడం ఎవరికీ ఇష్టం ఉండదు.

8 స్లాట్లు ఎందుకంటే, రెండు కాపీలకి 6, వారం టేప్‌కి 1, క్లీనింగ్‌కి 1. ఆటోలోడర్ వద్దు, ఒంటి డ్రైవ్ చాలు అనుకుంటే పని జరుగుతుంది కానీ, హాఫ్ హైట్ (సగం ఎత్తుండే చిన్న సైజు) డ్రైవ్ సెకనుకు 300 ఎంబీ రాస్తుంది, ఒక కార్ట్రిడ్జ్ నిండడానికి 16 గంటల 40 నిమిషాలు. టేప్ మార్చాల్సిన సమయం ఏ అర్ధరాత్రో వస్తుంది, ఎవరూ ఉండరు, డ్రైవ్ పొద్దున దాకా ఖాళీగా కూర్చుంటుంది. మొత్తం 44 టీబీకి దాదాపు 41 గంటలు. శుక్రవారం సాయంత్రం 6కి మొదలుపెడితే మొదటి కాపీ ఆదివారం పొద్దున 11కి, రెండోది మంగళవారం తెల్లవారుజామున 4కి పూర్తవుతాయి. ఈలోపు నాస్‌లో ఫైళ్లు మారతాయి కాబట్టి రెండు కాపీలూ ఒకే స్నాప్‌షాట్ (ఫైళ్లు ఒక క్షణాన ఎలా ఉన్నాయో అలా నిలిపిన ప్రతి) నుంచి తీయండి. లేకపోతే రెండూ ఒకేలా ఉండవు, రేపు తేడా వచ్చినప్పుడు దేన్ని నమ్మాలో తెలియదు.

ఏ తరం డ్రైవ్

ఎల్‌టీఓ-8 (2017) 12 టీబీ, ఎల్‌టీఓ-9 (2021) 18 టీబీ, ఎల్‌టీఓ-10 (2025) 30 టీబీ. ఎల్‌టీఓ-7 వరకూ ఒక పద్ధతి ఉండేది: డ్రైవ్ తన ముందు తరం కార్ట్రిడ్జ్‌ని రాస్తుంది, దానికి ముందుదాన్ని కూడా చదువుతుంది. ఎల్‌టీఓ-8లో హెడ్ (టేప్‌ని చదివి రాసే భాగం) టెక్నాలజీ మారడంతో అది పోయింది. అది 8ని, 7ని మాత్రమే ముట్టుకుంటుంది. ఎల్‌టీఓ-6 టేపులు అల్మారా నిండా పెట్టుకుని ఎల్‌టీఓ-8 డ్రైవ్ కొన్నవాళ్లకి ఇది డ్రైవ్ వచ్చాకే తెలిసింది. ఎల్‌టీఓ-9 తన తరాన్ని, 8ని రాస్తుంది, చదువుతుంది. ఎల్‌టీఓ-10 అయితే పాత తరాలు వేటినీ చదవదు.

దీన్నిబట్టి మీ దగ్గర పాత టేపులేవీ లేకపోతే 9 తీసుకోండి. పాత ఎల్‌టీఓ-7 టేపులు చదవాల్సి ఉంటే 8. పదికి వెళ్లాల్సినంత డేటా మీకు లేదు. ఇంకోటి, సెకండ్ హ్యాండ్ డ్రైవ్ చవగ్గా దొరికిందని తీసుకునేముందు దాని హెడ్ ఎన్ని గంటలు పనిచేసిందో, ఎన్ని లోడ్‌లు చూసిందో లాగ్ తీయించండి. అమ్మేవాళ్లు "టెస్టెడ్" అంటే చాలా సందర్భాల్లో టేప్ లోపలికెళ్లి బయటికొచ్చిందని మాత్రమే అర్థం.

డ్రైవ్ ఆకలి: అందరూ తప్పుచేసేది ఇక్కడే

ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జ్‌లో టేప్ పొడవు 1035 మీటర్లు. దాని మీద 8960 ట్రాకులు, ఒక విడతకి 32 రాస్తుంది. అంటే ఒక చివర్నుంచి ఇంకో చివరికి, మళ్లీ వెనక్కి, ఇలా 280 సార్లు. మొత్తం కలిపితే కార్ట్రిడ్జ్ నిండేసరికి హెడ్ మీదుగా దాదాపు 290 కిలోమీటర్ల టేప్ జారుతుంది, సెకనుకి ఐదు మీటర్లకి కాస్త అటూ ఇటూ. ఇది హార్డ్ డిస్క్‌లా ఆగి ఆగి రాయలేదు. డేటా తక్కువగా వస్తే డ్రైవ్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది. దానికీ ఒక అడుగు హద్దు ఉంది, మోడల్‌ని బట్టి సెకనుకు 100 ఎంబీ చుట్టుపక్కలో, అంతకన్నా పైనో. ఆ కింద పడిందా, బఫర్ ఖాళీ అయిన ప్రతిసారీ టేప్ ఆగుతుంది, వెనక్కి కొంత చుట్టుకుంటుంది, మళ్లీ ఊపందుకుని ఆగిన చోటు దాటాక రాయడం మొదలుపెడుతుంది. దీన్నే షూ షైనింగ్ అంటారు. పక్కన నిలబడితే వినిపిస్తుంది కూడా: ఒకే స్థాయిలో సాగాల్సిన మోత బదులు కొన్ని సెకన్లకోసారి ఊపు తగ్గి, తిరిగి లేస్తుంటుంది. ఒక్కో ఆగడంలో సెకన్లు పోవడం చిన్న నష్టం. టేప్‌లో అదే ముక్క హెడ్ మీద పదేపదే రాచుకోవడం పెద్ద నష్టం, అటు టేప్ అరుగుతుంది, ఇటు హెడ్ అరుగుతుంది.

మీ 1 గిగాబిట్ లైన్ బాగా పనిచేసిన రోజున సెకనుకు 110 ఎంబీ ఇస్తుంది. సరిగ్గా హద్దు మీద. పైగా డేటాబేస్ డంపులు సగానికి కుదించుకుపోతే టేప్ మీదికి చేరేది 55 మాత్రమే. చిన్న చిన్న స్కాన్ ఫైళ్లు లక్షల్లో ఉంటే నాస్ ఒక్కోదాన్ని తెరిచి మూయడంలోనే 30, 40కి పడిపోతుంది. వేగం సంగతి పక్కనపెట్టినా, 110తో 44 టీబీ పంపడానికి నాలుగున్నర రోజులు పడుతుంది.

దీనికి మందు రెండు రకాలు. నాస్‌కీ బ్యాకప్ సర్వర్‌కీ మధ్య మాత్రం 10 గిగాబిట్ లింక్ వేయండి. రెండు కార్డులు, ఒక కేబుల్, ఆఫీసు స్విచ్ మార్చనక్కర్లేదు. దాంతోపాటు బ్యాకప్ సర్వర్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి స్పూల్‌గా పెట్టండి. చిన్న ఫైళ్లు ముందు అక్కడ పోగై, 200 నుంచి 500 జీబీ మూటలుగా టేప్‌కి ఒకే ఊపున వెళ్తాయి. ఇక్కడ చవక ఎస్‌ఎస్‌డీ పెడితే మొదటి వంద జీబీ దాకా పరుగెత్తి, లోపలి కాష్ నిండగానే చతికిలబడుతుంది, అదే సమయంలో టేప్ కోసం చదవాలి కూడా. నెలకి 44 టీబీ చొప్పున ఏడాదికి ఒక్క కాపీకే 528 టీబీ దాని మీద రాస్తారు, కాబట్టి ఎస్‌ఎస్‌డీ కాగితాల్లో రాత జీవితం ఎంతో చూసి కొనండి. పెద్ద వీడియో ఫైళ్లని స్పూల్ దాటించి నేరుగా పంపినా పర్లేదు.

టేప్ కొనకముందే ఒక పరీక్ష చేయొచ్చు: బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ఒక నిజమైన ఫోల్డర్‌ని ఎక్కడా రాయకుండా, ఉత్తుత్తి గమ్యానికి చదివించి వేగం చూడండి. అక్కడ 300 రాకపోతే టేప్ మీద ఎలా వస్తుంది?

కార్డు, కేబుల్, బ్లాక్ సైజ్

సాస్ డ్రైవ్‌ని రెయిడ్ కార్డుకి (చాలా డిస్కుల్ని ఒకటిగా కలిపేది) తగిలించకండి. చాలా రెయిడ్ కార్డులు టేప్‌ని గుర్తించవు, గుర్తించినా లోడు పెరిగాక మధ్యలో వదిలేస్తాయి. సాదా హెచ్‌బీఏ కార్డు (డ్రైవ్‌ని సర్వర్‌కి నేరుగా కలిపేది) వేయండి. కేబుల్ రెండు చివర్లా ఒకే కనెక్టర్ ఉంటుందని అనుకోవద్దు, కార్డు వైపు 8644, డ్రైవ్ వైపు పాత 8088 ఉన్న సందర్భాలు బోలెడు. డ్రైవ్ వెనక ఏముందో చూసి ఆర్డర్ చేయండి. బ్యాకప్ సర్వర్ వర్చువల్ మెషీన్ అయితే హెచ్‌బీఏని మొత్తంగా పాస్‌త్రూ చేయాలి (నేరుగా ఆ మెషీన్‌కే అప్పగించాలి), ఆ తలనొప్పి కన్నా పాత సర్వర్ ఒకటి దీనికే కేటాయించడం మేలు.

బ్లాక్ సైజ్ 64 కేబీ డిఫాల్ట్‌గా ఉంటే 256 కేబీ లేదా 512 కేబీకి పెంచండి, వేగంలో తేడా వెంటనే కనిపిస్తుంది. 1 ఎంబీ కూడా పెట్టొచ్చు కానీ అక్కడొక గొయ్యి ఉంది. ఆ టేప్‌ని ఇంకో సర్వర్‌లో చదవాల్సి వచ్చినప్పుడు, అక్కడి కార్డో డ్రైవరో అంత పెద్ద బ్లాకుని ఒప్పుకోకపోతే రీడ్ ఎర్రర్ వస్తుంది, టేప్ పాడైందని అందరూ కంగారుపడతారు. అందుకే రాసిన బ్లాక్ సైజ్, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ మూడూ టేప్ రిజిస్టర్‌లో రాసి పెట్టండి. లేబుల్ మీద కాదు, రిజిస్టర్‌లో.

కొత్త కార్ట్రిడ్జ్ మొదటిసారి

ఎల్‌టీఓ-9లో కొత్తగా వచ్చిన పద్ధతి: ప్రతి కొత్త కార్ట్రిడ్జ్ మొదటి లోడ్‌లో డ్రైవ్ దాన్ని మొత్తం కొలుచుకుంటుంది. సగటున 40 నిమిషాలు, ఒక్కోసారి రెండు గంటల దాకా. ట్రాకులు అంత ఇరుకైనప్పుడు, గాలిలో తేమకీ వేడికీ టేప్ వెడల్పు రవ్వంత మారినా హెడ్ పక్క ట్రాకు మీదికి జారుతుంది, ఆ తేడాని కార్ట్రిడ్జ్‌కి తగ్గట్టు సర్దుకోవడానికే ఈ కొలత. తెలియనివాళ్లు డ్రైవ్ ఇరుక్కుందనుకుని పవర్ తీసేస్తారు. తీయకండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ టైమవుట్‌ని రెండు గంటలకి పైన పెట్టండి. వచ్చిన 25 కార్ట్రిడ్జ్‌లనీ ముందు 24 గంటలు డ్రైవ్ ఉన్న గదిలోనే ఉంచి, తీరిక ఉన్న రోజుల్లో ఒక్కొక్కటిగా లోడ్ చేసి ఈ పని ముగించండి. బ్యాకప్ రాత్రి దాకా ఆగితే ఆ రాత్రి షెడ్యూల్ అంతా తలకిందులవుతుంది.

ఎన్‌క్రిప్షన్, అంతకన్నా ముఖ్యంగా కీలు

ఎల్‌టీఓ-4 నుంచీ డ్రైవ్‌లోనే ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ ఉంది. వేగం తగ్గదు. డ్రైవ్ ముందు కుదిస్తుంది, తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ వరస ముఖ్యం. సాఫ్ట్‌వేర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే డ్రైవ్‌కి వచ్చేది గజిబిజి డేటా, ఒక్క శాతం కూడా కుదించలేదు. రెండూ ఆన్ చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎన్‌క్రిప్షన్ లేకుండా టేప్ బయటికి పంపడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఒక్కటి చాలు. 2011లో అమెరికా సైనిక కుటుంబాల ఆరోగ్య పథకం ట్రైకేర్ బ్యాకప్ టేపులు ఒక కాంట్రాక్టర్ ఉద్యోగి కారులోంచి దొంగతనమయ్యాయి. సుమారు 49 లక్షల మంది వివరాలు వాటి మీద ఉన్నాయి. దొంగకి టేప్ డ్రైవ్ ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి, అంతమందికీ నోటీసులు వెళ్లాల్సి వచ్చింది.

కీ టేప్ మీద ఉండదు, కార్ట్రిడ్జ్‌లోని మెమరీ చిప్‌లోనూ ఉండదు. ఏ కీతో రాశారో చెప్పే గుర్తు మాత్రమే టేప్ మీద పడుతుంది. కీ పోతే డేటా పోయినట్టే. డ్రైవ్ తయారుచేసిన కంపెనీ కూడా ఏమీ చేయలేదు.

మీ సైజు ఆఫీసుల్లో కీలని బ్యాకప్ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది, వేరే కీ సర్వర్ అక్కర్లేదు. అక్కడే ఉచ్చు ఉంది: కీలన్నీ బ్యాకప్ సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి, ఆ డేటాబేస్ బ్యాకప్ ఆ కీలతోనే ఎన్‌క్రిప్ట్ అయిన టేప్ మీద ఉంటుంది. తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూత వేసినట్టు. సర్వర్ కాలిపోయిన రోజున ఇది బయటపడుతుంది. కాబట్టి:

- కీ ఎక్స్‌పోర్ట్ ఫైల్, దాని పాస్‌వర్డ్ వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల దగ్గర. రెండూ సీల్ చేసిన కవర్లలో కాగితం మీద కూడా.
- కీ మార్చిన ప్రతిసారీ కొత్త ఎక్స్‌పోర్ట్. ఏడాదికోసారి మార్చడం చాలు, టేప్‌కో కీ పెట్టుకుంటే రిజిస్టర్ నిర్వహించలేరు.
- పాత కీలు తీసేయకండి. ఆ కీతో రాసిన ఆఖరి టేప్‌ని నాశనం చేసేదాకా అది ఉండాల్సిందే.
- టేపులు, కీలు ఒకే వాహనంలో ఎప్పుడూ వెళ్లకూడదు.

ఏటా ఒకసారి, కీలు ఏవీ లేని ఖాళీ మెషీన్ మీద ఆ కవరు తెరిచి ఒక టేప్ చదివి చూడండి.

ర్యాన్సమ్‌వేర్ విషయంలో ఒక భ్రమ

"టేప్ ఆఫ్‌లైన్ కదా" అంటారు. ఆటోలోడర్ లోపల ఉన్న టేప్ ఆఫ్‌లైన్ కాదు. బ్యాకప్ సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేజిక్కించుకున్నవాడు రోబోకి ఆజ్ఞలిచ్చి ఒక్కో టేప్‌ని లోడ్ చేసి క్విక్ ఎరేజ్ కొట్టగలడు. ఆటోలోడర్ వెబ్ పేజీ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీది అలాగే వదిలేసిన చోట్లు కోకొల్లలు. మ్యాగజైన్ (ఆటోలోడర్‌లో టేపులు పెట్టే అర) లోంచి బయటికి తీసి, అల్మారాలోనో వేరే భవనంలోనో పెట్టిన టేప్ మాత్రమే ఆఫ్‌లైన్. బ్యాకప్ పూర్తయిన మర్నాడు పొద్దున బయటికి తీయడం ఒకరి పేరు మీద రాసిన పని కావాలి. తీసినప్పుడే కార్ట్రిడ్జ్ మూల ఉన్న రైట్ ప్రొటెక్ట్ మీట లాక్ వైపు జరపండి.

బ్యాకప్ సర్వర్‌ని ఆఫీసు డొమైన్‌లో (అందరి లాగిన్లనీ ఒకేచోట నడిపే వ్యవస్థ) చేర్చకండి. డొమైన్ అడ్మిన్ పోతే అదీ పోతుంది.

2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ బగ్ కొందరి మెయిల్స్‌ని పలు కాపీల్లోనూ చెరిపేసినప్పుడు గూగుల్ వాటిని టేప్ నుంచే తిరిగి తెచ్చింది. ఆ బగ్ టేప్‌ని తాకలేకపోయింది, ఎందుకంటే అది ఆ వ్యవస్థకి అందుబాటులో లేదు. మీకు కావాల్సింది సరిగ్గా అదే గుణం.

పదేళ్ల రికార్డులకి వార్మ్ కార్ట్రిడ్జ్ వాడండి. ఒకసారి రాస్తే డ్రైవ్ దాన్ని చెరపదు, మీద రాయదు, మిగిలిన చోట చేర్చడం మాత్రం కుదురుతుంది. వార్మ్‌లో తప్పుడు ఫోల్డర్ పడితే దాన్ని పక్కన పడేయడమే, అందుకని రాసేముందు జాబితా ఇద్దరు చూడాలి. నెలవారీ బ్యాకప్‌లకి వార్మ్ దండగ.

చేతిలో కార్ట్రిడ్జ్

కార్ట్రిడ్జ్‌లో ఉండేది ఒకే చుట్ట. రెండో చుట్ట డ్రైవ్‌లో ఉంటుంది. మూల ఉన్న చిన్న తలుపుని వేలితో జరిపితే టేప్ కొసన బిగించిన సన్నని లోహపు పిన్ను కనిపిస్తుంది. డ్రైవ్ దాన్ని పట్టుకుని టేప్‌ని లోపలికి లాగుతుంది. కార్ట్రిడ్జ్ బల్ల ఎత్తు నుంచి పడినా బయటికి గీత కూడా పడకపోవచ్చు, కానీ ఆ పిన్ను తన గాడిలోంచి వాలి ఉంటే డ్రైవ్ దాన్ని పట్టుకోలేదు, లేదా వంకరగా లాగి టేప్ అంచు నలిపేస్తుంది. కింద పడినదాన్ని నేరుగా లోడ్ చేయకండి. తలుపు తీసి పిన్ను రెండు కొసలూ స్ప్రింగుల్లో నిటారుగా కూర్చున్నాయో లేదో చూడండి, మెల్లగా ఊపి లోపల గలగలమంటోందేమో వినండి. అనుమానముంటే దాన్ని ఇంకో టేప్‌కి కాపీ చేసి, ఇక వాడకుండా పక్కన పెట్టండి. తలుపు తీసి టేప్‌ని ముట్టుకోవద్దు, ఆ టేప్ మందం 5.2 మైక్రాన్లు, వేలి జిడ్డు చాలు.

దాచే చోటు 16 నుంచి 25 డిగ్రీలు, తేమ 20 నుంచి 50 శాతం మధ్య, పెట్టెలో పెట్టి అంచు మీద నిలబెట్టి. తేమ ఎక్కువైతే టేప్ ఉబ్బుతుంది, బైండర్ (అయస్కాంత పూతని పట్టి ఉంచే జిగురు) మెత్తబడుతుంది. అల్మారాలో చవక తేమ మీటరు ఒకటి పెట్టండి, వారానికోసారి చూసి రిజిస్టర్‌లో రాయండి. బయటి నుంచి వచ్చిన టేప్‌ని 24 గంటలు గదిలో ఉంచాకే డ్రైవ్‌లో పెట్టాలి. అయస్కాంతం భయం చాలామందికి ఉంటుంది, నిజానికి ఫోను పక్కన పెడితే ఏమీ కాదు. ఎండలో ఆపిన కారు దానికన్నా వంద రెట్లు ప్రమాదం.

డ్రైవ్‌ని ప్రింటర్ పక్కన, కాగితాల కట్టల పక్కన, నేల మీద పెట్టకండి. ఫ్యాన్ గాలి డ్రైవ్ లోపల్నుంచే పోతుంది, దాంతోపాటు ధూళీ పోతుంది.

క్లీనింగ్: వారం వారం చేయకండి. క్లీనింగ్ టేప్ గరుకుగా ఉంటుంది, అనవసరంగా వాడితే హెడ్ అరుగుతుంది. డ్రైవ్ అడిగినప్పుడే చేయాలి. టేప్ అలర్ట్‌లో (డ్రైవ్ పంపే హెచ్చరికలు) 20వ నంబరు వచ్చిందంటే ఇప్పుడే చేయమని. క్లీనింగ్ కార్ట్రిడ్జ్ 50 సార్ల వరకూ పనిచేస్తుంది, ఆ తర్వాత డ్రైవ్ దాన్ని అలాగే బయటికి నెట్టేస్తుంది. ఒకే టేప్ పెట్టినప్పుడల్లా క్లీనింగ్ అడిగితే తప్పు డ్రైవ్‌ది కాదు, ఆ టేప్‌ది. దాన్ని పక్కన పెట్టండి, లేకపోతే దాని చెత్త హెడ్ నుంచి మంచి టేపులకీ అంటుకుంటుంది. ఏ టేప్ పెట్టినా అడుగుతుంటే అప్పుడు డ్రైవ్‌ని అనుమానించాలి.

చేత్తో చెరుపుకునే దారులు

లినక్స్‌లో టేప్‌కి రెండు పేర్లుంటాయి. ఎస్‌టీ0 అంటే పని ముగియగానే మొదటికి చుట్టేస్తుంది, ఎన్‌ఎస్‌టీ0 అంటే ఆగిన చోటే ఆగుతుంది. సోమవారం బ్యాకప్ ఎస్‌టీ0తో రాసి, మంగళవారంది కూడా దానితోనే రాస్తే మంగళవారంది సోమవారం దాని నెత్తిన పడుతుంది. ఎర్రర్ రాదు. ఇంకా ఘోరం, టేప్ మధ్యలో ఎక్కడ రాసినా, దాని తర్వాత ఉన్నదంతా డ్రైవ్ దృష్టిలో లేనట్టే. 18 టీబీ టేప్ మొదట్లో 1 ఎంబీ పొరపాటున రాస్తే మిగిలినదాన్ని మామూలు పద్ధతుల్లో చదవలేరు. స్క్రిప్టులతో పనిచేసేవాళ్లు ఎన్‌ఎస్‌టీ0 మాత్రమే వాడాలి, రాసేముందు టేప్ చివరికి వెళ్లమని చెప్పాలి, బార్‌కోడ్ సరిచూశాకే రాయాలి.

దీనికి తిరగేసిన తప్పు: క్విక్ ఎరేజ్ చేసి టేప్ ఖాళీ అయిందనుకుని బయటివాళ్లకి అమ్మడం. అది మొదట్లో ఒక ముగింపు గుర్తు మాత్రమే వేస్తుంది, వెనక డేటా అంతా అలాగే ఉంటుంది.

ఎల్‌టీఎఫ్‌ఎస్ గురించి కూడా చెప్పాలి. ఎల్‌టీఓ-5 నుంచి టేప్‌ని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో సూచిక, ఇంకోదాంట్లో డేటా పెట్టి, పెన్‌డ్రైవ్‌లా ఫోల్డర్లు చూపించే పద్ధతి అది. ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేరూ లేకుండా చదవొచ్చు కాబట్టి మీ పదేళ్ల రికార్డులకి బాగా నప్పుతుంది. అయితే ఫైలు చెరిపినా చోటు తిరిగిరాదు. అన్‌మౌంట్ చేయకుండా పవర్ తీస్తే తాజా సూచిక పడదు, మళ్లీ బాగుచేసుకోవడానికి గంటలు పడుతుంది. చిన్న ఫైళ్లని ముందే జిప్ చేసి పెట్టండి. ఫైల్ మేనేజర్‌లో చిత్రాల ఫోల్డర్ తెరిస్తే థంబ్‌నెయిల్స్ కోసం టేప్ ఆ చివరికీ ఈ చివరికీ పరుగులు పెడుతుంది, ఆ సెట్టింగ్ ఆపేయండి.

రీస్టోర్ పరీక్ష

"బ్యాకప్ సక్సెస్" మెయిల్ రాసినట్టు చెప్తుంది, చదవగలరని చెప్పదు. నెలకోసారి ఏదో ఒక పాత టేప్ నుంచి 50 జీబీ వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) పోల్చండి. మొదట్లోంచి కొంత, చివర్లోంచి కొంత తీయండి, మొదటి ఫైలు ఒక్కటే చూసి బాగుందనడం సరిపోదు. ఏడాదికోసారి మీది కాని ఇంకో డ్రైవ్‌లో చదివించండి. హెడ్ కాస్త పక్కకి జరిగిన డ్రైవ్ తాను రాసింది తాను చదువుకుంటుంది, ఇంకోటి చదవలేదు. డ్రైవ్ చచ్చి కొత్తది వచ్చిన రోజున ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

కేటలాగ్ కూడా టేపులతోపాటు బయటికి వెళ్లాలి, ఎన్‌క్రిప్ట్ చేసిన యూఎస్‌బీలో అయినా సరే. అది లేకపోతే ఒక్కో కార్ట్రిడ్జ్‌ని మొదటి నుంచి చివరి దాకా చదివించి మళ్లీ తయారుచేసుకోవాలి, ఒక్కోదానికి దాదాపు 17 గంటలు.

పదేళ్ల మాట

కార్ట్రిడ్జ్‌కి 30 ఏళ్ల జీవితం అని కంపెనీలు రాస్తాయి. మంచి గదిలో ఉంటే దాన్ని అనుమానించక్కర్లేదు, కానీ పదేళ్ల తర్వాత పనిచేసే ఎల్‌టీఓ-9 డ్రైవ్ మీ దగ్గర ఉందా అన్నదే ప్రశ్న. డ్రైవ్ తరం మార్చిన ప్రతిసారీ, పాత డ్రైవ్ ఇంకా బతికుండగానే, దీర్ఘకాలపు టేపుల్ని కొత్త తరానికి కాపీ చేసే పని అదే బడ్జెట్‌లో రాసేయండి. ఎల్‌టీఓ-10 పాతవి చదవదు కాబట్టి కనీసం ఆ కొన్నాళ్లు రెండు డ్రైవ్‌లూ పక్కపక్కన ఉండాలి, సర్వర్‌లో రెండు కనెక్షన్లకీ చోటుండాలి.

పారేసే టేపులకి: డీగాసర్‌లో (బలమైన అయస్కాంతంతో చెరిపే యంత్రం) పెట్టొచ్చు, కానీ ఫ్యాక్టరీలో రాసిన సర్వో గుర్తులు (హెడ్‌కి ట్రాకు దారి చూపేవి) కూడా పోతాయి, ఆ కార్ట్రిడ్జ్ మళ్లీ జన్మలో పనికిరాదు. "శుభ్రం చేసి మళ్లీ వాడుకుందాం" అని డీగాస్ చేసేవాళ్లు ఉన్నారు, చేయకండి. మళ్లీ వాడాలంటే మామూలుగా మీద రాయడమే. పూర్తిగా వదిలించుకోవాలంటే ముక్కలు చేయించండి, ఒక కీతో రాసిన టేపులన్నీ అలా పోయాకే ఆ కీని కూడా చెరిపేయొచ్చు.

మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏదో, నాస్‌కి 10 గిగాబిట్ కార్డు వేసే స్లాట్ ఉందో లేదో రాస్తే, స్పూల్ సైజ్, బ్లాక్ సైజ్ ఎక్కడ మార్చాలో దానికి తగ్గట్టు చెప్తాను. స్లాట్ లేని మోడల్ అయితే లెక్క కొంచెం మారుతుంది.